కంటి ప్లగ్గుల సంగతి

తమిళ సీరియల్‌కి తెలుగు మాటలు రాయడమంటే రోజంతా ఎదుటివాళ్ల పెదవుల వంక చూస్తూ కూర్చోవడమే. పెదవులు ఎక్కడ కలుస్తున్నాయో కనిపెట్టి సరిగ్గా అక్కడ ప, బ, మ పడేట్టు మాట వెతకాలి. పడకపోతే డైలాగు ఎంత బాగున్నా చూసేవాళ్లకి తేడా తెలిసిపోతుంది. అందుకని ఒక్కో ముక్కనీ ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ నడిపించి చూస్తాం. అలా చూస్తున్నంత సేపూ రెప్ప వేయడం తగ్గిపోతుందని నాకు కంటి డాక్టర్ చెప్పేదాకా తెలియదు. మనిషి మామూలుగా నిమిషానికి 15 సార్లో, కాస్త అటూ ఇటూగానో రెప్ప వేస్తాడట. తెర ముందు కూర్చుంటే అది సగానికీ, అంతకన్నా కిందికీ పడిపోతుంది. వేసే కాసిని రెప్పలూ సగం సగమే. పై రెప్ప కింది రెప్పని తాకకుండానే లేచిపోతుంది.

పైగా ఏసీ. చెన్నైలో బయట అడుగుపెడితే ఒళ్లంతా చెమట, గాలిలో తడి. సాలిగ్రామంలో మా రికార్డింగ్ థియేటర్ తలుపు తీసి లోపలికి వెళ్తే దానికి పూర్తిగా వ్యతిరేకం. మైకుల కోసం తలుపులన్నీ బిగించేసి ఉంటాయి, మిషన్ల కోసం ఏసీ రోజంతా తిరుగుతుంది, దాని గాలి అప్పట్లో నేను కూర్చునే కుర్చీ మీదికే వచ్చేది. సముద్రం ఇంత దగ్గరున్న ఊళ్లో కళ్ళు ఎండిపోవడమేమిటని మా ఆడపడుచు అడిగింది. నా కళ్ళు ఉండేది సముద్రం ఒడ్డున కాదు వదినా, ఆ గదిలో అన్నాను.

మొదట్లో సాయంత్రం పూట కళ్ళు గరగరలాడేవి, అంతే. తర్వాత మధ్యాహ్నానికే మొదలయ్యేది. తెర మీది అక్షరాలు అలుక్కుపోయేవి, రెండు సార్లు రెప్ప కొడితే తేటపడేవి, మళ్లీ అలుక్కుపోయేవి. విచిత్రం ఏమిటంటే నీళ్లు కూడా కారేవి. నీళ్లు కారుతుంటే డ్రై ఐ అంటారేమిటని ఇంట్లో ఎవరూ నమ్మలేదు. దానికి కారణం ఉంది. కంటి మీద నిలకడగా ఉండాల్సిన తడి పొర చెదిరిపోతే కన్ను మంటెక్కుతుంది, ఆ మంటకి గ్రంథి ఒక్కసారిగా నీళ్లు వదులుతుంది. ఆ నీళ్లు నిలబడవు, చెంప మీదికి జారిపోతాయి. వాటిలో కంటికి కావలసిన జిడ్డూ జిగురూ సరిపడా ఉండవు. కంటి మీది తడి అంటే వట్టి నీళ్లు కాదు. అడుగున కంటిని అంటిపెట్టుకునే జిగురు, మధ్యలో నీరు, పైన ఆవిరైపోకుండా కాపాడే పల్చటి నూనె. ఆ నూనె రెప్పల అంచుల్లో ఉండే మైబోమియన్ గ్రంథుల నుంచి వస్తుంది. ఇదంతా ముందే తెలిసి ఉంటే తర్వాత జరిగినవాటిలో కొన్నయినా తప్పేవని నా నమ్మకం. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. మా థియేటర్‌కి డబ్బింగ్ చెప్పడానికి వచ్చే ఒక అమ్మాయి మొన్న నా పక్కన కూర్చుని, "అక్కా, నాకు కంట్లో ప్లగ్గులు పెట్టాలన్నారు, మీరు పెట్టించుకున్నారట కదా, ఎలా ఉంటుంది?" అని అడిగింది. టీ విరామంలో తేలే జవాబు కాదది.

నేను మొదట చూపించుకున్న చోట పరీక్షలు సరిగానే చేశారు. షిర్మర్ టెస్ట్ అని ఒకటుంది. 5 మిల్లీమీటర్ల వెడల్పున్న ఫిల్టర్ కాగితం ముక్క చివర మడిచి కింది రెప్ప లోపల తగిలిస్తారు. కళ్ళు మూసుకుని 5 నిమిషాలు కూర్చోవాలి. కాగితం ఎంత దూరం తడిస్తే అన్ని మిల్లీమీటర్లు. పదికి పైన ఉంటే ఫరవాలేదంటారు, ఐదు లోపుంటే బాగా పొడి. నాకు కుడి కంటికి 4, ఎడమ కంటికి 7 వచ్చింది. తర్వాత పసుపు రంగు మందు వేసి, నీలం వెలుతురులో రెప్ప వేయకుండా చూడమన్నారు. తడి పొర చిరగకుండా పది సెకన్లయినా నిలవాలి. నాది నాలుగైదుకే చిరిగిపోయింది.

చుక్కల మందు రాసిచ్చారు. కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్, కన్నీటి బదులు వేసుకునేది. గంట గంటకీ వేసుకునేదాన్ని. ఈ చుక్కల సీసాల్లో చాలావాటికి పాడవకుండా బెంజాల్కోనియం క్లోరైడ్ కలుపుతారు. రోజుకి ఒకటి రెండు చుక్కలకి అదేం చేయదు గానీ, నాలుగైదు సార్లు దాటి వేసుకునేవాళ్లకి అదే కంటి పైపొరని దెబ్బతీస్తుంది. అలాంటివాళ్లు ప్రిజర్వేటివ్ లేని మందు వాడాలి. ఒక్కసారికి వాడి పారేసే చిన్న ప్లాస్టిక్ గొట్టాలుంటాయి, లేదా ప్రిజర్వేటివ్ అక్కర్లేకుండా తయారుచేసిన సీసాలుంటాయి. ఖరీదు ఎక్కువే. మందుల షాపులో అడిగితే "రెండూ ఒకటే మేడం" అంటారు. ఒకటి కాదు. సీసా మీద చదువుకుని కొనండి.

చుక్కలతో లాభం లేకపోయేసరికి ప్లగ్గులన్నారు. పై రెప్ప, కింది రెప్ప అంచుల్లో ముక్కు వైపు చివర్న ఒక్కో సన్నటి రంధ్రం ఉంటుంది. పంక్టం అంటారు. అద్దంలో రెప్పని కాస్త లాగి చూస్తే మీకూ కనపడుతుంది. కంట్లో వాడిన నీరు దాంట్లోంచి సన్నటి కాలువలోకీ, అక్కణ్ణుంచి కంటి మూలనున్న సంచిలోకీ, చివరికి ముక్కులోకీ దిగుతుంది. కంట్లో మందు వేసుకుంటే గొంతులో చేదు తగలడం అందుకే. కింది నుంచి నీరు పోకుండా ఆ రంధ్రంలో ఒక చిన్న బిరడా పెడితే ఉన్న కాస్త తడీ కంటి మీద నిలుస్తుంది. చెరువుకి తూము మూసినట్టు. సిలికాన్‌తో చేసినవాటిని 1975లో ఫ్రీమన్ అనే డాక్టర్ వాడుకలోకి తెచ్చారు, ఇప్పటికీ దాదాపు అదే రూపం.

పెట్టడం సులువే. నొప్పి తెలియకుండా ఒక చుక్క వేశారు, కంటిని పెద్దగా చేసి చూసే స్లిట్ ల్యాంప్ మిషన్‌కి గడ్డం ఆనించి కూర్చోబెట్టారు. సన్నటి కడ్డీతో రంధ్రాన్ని కాస్త సాగదీసి, పట్టుకారుతో దించారు. ఒక్క క్షణం ఏదో ఒత్తినట్టయింది. ప్లగ్గు వెడల్పు మిల్లీమీటరు లోపే. కింది రెప్పలకి రెండింటికీ పెట్టారు. ఇంటికొచ్చి టార్చి వేయించి అద్దంలో చూసుకుంటే రెప్ప అంచున తెల్లటి చుక్క, అంతే కనపడింది.

ఒకటి మాత్రం దాచకుండా చెప్పాలి. మొదటి కొన్ని వారాలు హాయిగా ఉంది. చాలా కాలం తర్వాత ఒక ఎపిసోడ్ మొత్తం మధ్యలో ఆపకుండా రాశాను. మా ఆయన ముఖం చూసి, "ఏమిటి, కళ్ళు తేటగా ఉన్నాయే" అన్నారు. ప్లగ్గులు పని చేయవని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఆ తర్వాత ఎడమ కన్ను మొదలుపెట్టింది. దాంట్లో కన్నీరు కాస్త మెరుగ్గానే ఊరుతోంది కాబట్టి, తూము మూసేసరికి పొర్లడం మొదలైంది. బస్సులో, వంటింట్లో, పూజ దగ్గర చెంప తడే. అది చాలదన్నట్టు, ముక్కు వైపు చూసినప్పుడల్లా ప్లగ్గు టోపీ తెల్లగుడ్డుకి రాసుకునేది. నాకేమో ఎడమ పక్క మానిటర్, కుడి పక్క స్క్రిప్టు, కళ్ళు అటూ ఇటూ తిప్పకుండా పని జరగదు. వెళ్లి చూపిస్తే పట్టుకారుతో ఒక్క లాగు లాగి తీసేశారు. పైకి కనపడే సిలికాన్ ప్లగ్గుకి ఉన్న పెద్ద మేలు అదే, వద్దనుకుంటే నిమిషంలో వచ్చేస్తుంది.

కుడి కంటిది దానంతటదే ఊడిపోయింది. ఎప్పుడు ఊడిందో కూడా తెలియదు. ఇది చాలామందికి జరుగుతుంది, కళ్ళు నలుపుకునే అలవాటున్నవాళ్లకి మరీను. అప్పుడు అక్కడి డాక్టర్ ఇంకో రకం ప్లగ్గు గురించి చెప్పారు. రంధ్రం లోపలికి, కాలువలోకి దించేస్తారు. బయటికి కనపడదు, రాసుకోదు, ఊడదు. వినడానికి ఇంతకన్నా ఏం కావాలి అనిపించింది. సరేనని కుడి కంటికి అదే పెట్టించుకున్నాను. లోపల ఉన్నది బయటికి తీయాల్సి వస్తే ఎలా అన్న మాట ఆ గదిలో రాలేదు. ఆ మాట ఎత్తాల్సింది పెట్టేవాళ్లేనని నేను ఇప్పటికీ గట్టిగా అంటాను. కంటి లోపల ఏం పెడుతున్నారో, దానివల్ల ఏమేం కావచ్చో చెప్పకుండా సంతకం తీసుకోవడం వైద్యం కాదు.

కొన్ని నెలలకి కుడి కన్ను ఎర్రబడింది. పొద్దున లేచేసరికి రెప్పలు అతుక్కుపోయి ఉండేవి. మన ఊళ్లో కన్ను ఎర్రబడితే ఎవరైనా చెప్పేది ఒకటే, మద్రాస్ ఐ, అంటే కళ్లకలక. థియేటర్లో అందరూ దూరం జరిగారు. యాంటీబయాటిక్ చుక్కలు వేస్తే తగ్గింది. ఆపగానే మళ్లీ వచ్చింది. మళ్లీ చుక్కలు, మళ్లీ తగ్గడం, మళ్లీ రావడం. ఎప్పుడూ కుడి కన్నే. ఎడమ కంటికి ఒక్కసారి కూడా అంటలేదు. ముక్కు వైపు మూల మాత్రం ముట్టుకుంటే సలుపు.

ఇంతకాలం ఒక్క కంట్లోనే ఎందుకు ఉంటుందని అనుమానపడింది మా అమ్మాయి. అదే నన్ను పట్టుబట్టి ఇంకో చోటికి తీసుకెళ్లింది. అక్కడి డాక్టరమ్మ వయసులో చిన్నదే. కాగితాలు ముట్టుకోకుండా ముందు రెప్ప మూల చూసింది. రంధ్రం ఉబ్బి ఎర్రగా పైకి తేలి ఉందట. దూది చుట్టిన పుల్లతో ముక్కు వైపు నుంచి మెల్లగా నొక్కుకుంటూ వచ్చింది. నాకు చుక్కలు కనపడ్డాయి. రంధ్రంలోంచి చిక్కటి పసుపుపచ్చ చీము బయటికొచ్చింది. "అమ్మా, ఇది మద్రాస్ ఐ లేదు. లోపల కాలువకే ఇన్ఫెక్షన్" అంది, తమిళం కలిసిన తెలుగులో. కెనలిక్యులైటిస్ అంటారు. తర్వాత సిరంజింగ్ చేసింది, అంటే సన్నటి మొద్దు సూదితో రంధ్రంలోకి సెలైన్ పంపడం. దారి బాగుంటే ఉప్పునీళ్లు గొంతులోకి దిగుతాయి. నాకు ఒక్క బొట్టు కూడా దిగలేదు, మొత్తం వెనక్కే వచ్చింది.

ఆ రకం ప్లగ్గు లోపలే ఉండిపోయి, దాని చుట్టూ సూక్ష్మజీవులు పొర కట్టి కాపురం పెడితే ఎన్ని చుక్కలు వేసినా మందు అక్కడిదాకా చేరదు. అది బయటికి వస్తే తప్ప జబ్బు పోదు. కొందరికి సిరంజింగ్‌తోనే కిందికి దిగిపోతుంది. నాకు దిగలేదు. మత్తు ఇంజక్షన్ ఇచ్చి, రెప్ప లోపలి వైపు కాలువని చిన్నగా కోసి తీశారు. ఇంజక్షన్ తప్ప నొప్పి లేదు, కానీ లోపల ఏదో గీరుతున్న సంగతి తెలుస్తూ ఉంటుంది. మా అమ్మాయి బయట బల్ల మీద కూర్చుని ఏడ్చిందట. తీసింది గాజు పలక మీద పెట్టి చూపించారు. బియ్యపు నూకంత కూడా లేదు. దాని చుట్టూ పసుపు రంగు గడ్డలు.

ఈ పోస్టు ఇక్కడితో ఆపితే ప్లగ్గుల మీద భయం మాత్రమే మిగులుతుంది. నేను చెప్పాలనుకున్నది ఆ తర్వాత డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి అడిగిన ప్రశ్నల్లో ఉంది. నోరు కూడా ఎండుతుందా, రొట్టె తినడానికి నీళ్లు కావాలా, కీళ్ల నొప్పులున్నాయా అని అడిగింది. షోగ్రెన్ సిండ్రోమ్ అని, శరీరం తన సొంత కన్నీటి, లాలాజల గ్రంథుల మీదే దాడి చేసే జబ్బు ఒకటుందట. ఆడవాళ్లలో, నడివయసులో ఎక్కువ. రక్తపరీక్షలు చేయించింది. నాకు లేదని తేలింది, కానీ అన్నాళ్లూ ఎవరూ అడగనే లేదు. నెలసరి ఆగిందా అంది. నాకు 51, ఆగింది. ఆ వయసులో కళ్ళు పొడిబారడం ఎక్కువ. రాత్రి పూట ఏం మాత్రలు వేసుకుంటారంది. దుమ్ము ఎలర్జీకి సిట్రజిన్ చాలా ఏళ్లుగా వేసుకుంటున్నానన్నాను. ఎలర్జీ మాత్రల్లో చాలావాటికి కన్నీటిని తగ్గించే గుణం ఉంది. ముక్కులో కొట్టుకునే స్ప్రేకి మార్చింది.

తర్వాత రెప్ప అంచుని వేలితో నొక్కి చూసింది. నూనె పల్చగా రావాల్సిన చోట చిక్కగా, తెల్లగా వచ్చింది, కొన్ని గ్రంథుల్లోంచి అసలు రాలేదు. అంటే నాకు నీరు తక్కువ, పైన నూనె కూడా సరిగా లేదు, దానికి తోడు కంటి పైపొరంతా వాచి ఉంది. ఆ వాపు ఉన్నప్పుడు ప్లగ్గు పెడితే వాపుని పెంచే పదార్థాలు కూడా కన్నీటితో పాటు కంటి మీదే నిలబడిపోతాయి. ముందు నీళ్లు బాగుచేయాలి, తర్వాతే తూము మూయాలి. ఆ వరస తప్పితే ప్లగ్గు ఎంత మంచిదైనా కష్టమే.

వాపుకి మొదట కొద్ది రోజులు లోటెప్రెడ్నాల్ ఇచ్చింది. అది స్టెరాయిడ్, డాక్టర్ కంటి ప్రెషర్ చూస్తూ ఉండగా మాత్రమే వాడాలి. సొంతంగా షాపులో కొనుక్కుని పొడిగించుకునే మందు కాదు. దానితో పాటు సైక్లోస్పోరిన్ 0.05 శాతం, రోజుకి రెండు సార్లు. వేసుకోగానే మంట. గుణం కనపడటానికి నెలలు పడుతుందని ముందే చెప్పింది కాబట్టి నిలబడ్డాను. చెప్పకపోతే చాలామంది మూడో వారానికే మానేస్తారు.

రెప్పల నూనెకి మందు కన్నా వేడి కాపడం ముఖ్యం. పొద్దున, రాత్రి శుభ్రమైన గుడ్డని ఓర్చుకోగలిగినంత వెచ్చటి నీళ్లలో పిండి మూసిన కళ్ళ మీద వేసుకుంటాను. చల్లారగానే మార్చాలి, కొన్ని నిమిషాలు వెచ్చదనం నిలబడితేనే లోపల గడ్డకట్టిన నూనె కరుగుతుంది. తర్వాత పై రెప్పని కిందికి, కింది రెప్పని పైకి మెల్లగా నిమరాలి. రాత్రి గుడ్డ మార్చే పని మా ఆయనది. ఆ కాసేపు ఆ రోజు పేపర్లో వార్తలు చదివి వినిపిస్తారు. కళ్ళు బాగా లేనప్పుడు ఇంట్లో ఒకరి గొంతు ఎంత ఆసరాయో నాకు తెలుసు.

చేప నూనె మాత్రల గురించి చాలామంది చెప్పారు. 2018లో అమెరికాలో 535 మంది మీద జరిగిన డ్రీమ్ అనే పరిశోధన ఫలితం వచ్చింది. ఏడాది పాటు రోజూ 3 గ్రాముల ఒమేగా-3 వేసుకున్నవాళ్లకీ, ఆలివ్ నూనె వేసుకున్నవాళ్లకీ పెద్ద తేడా కనపడలేదు. డాక్టరమ్మ వద్దంది, మానేశాను. మేం నెల్లూరు వాళ్లం, చేపల పులుసు ఎలాగూ మానం, అది వేరే సంగతి. తేనె, ఆముదం, పన్నీరు కంట్లో పోసుకోమని చెప్పేవాళ్ల మాట మాత్రం దయచేసి వినకండి. పైపొర దెబ్బతిన్న కంట్లో శుభ్రం లేనిది ఏది పడినా ప్రమాదమే.

థియేటర్లో మా ఇంజినీర్ తమ్ముడు ఏసీ గాలి నా మీదికి రాకుండా రెక్కలు పైకి తిప్పించాడు. మానిటర్‌ని కంటి ఎత్తు కన్నా కిందికి దించాడు. కిందికి చూస్తే రెప్ప సగం వాలి ఉంటుంది, ఆవిరయ్యే తడి తగ్గుతుంది. ఇంత చిన్న మార్పుకి అంత తేడా ఉంటుందని నేను అనుకోలేదు. ఆటోలో వెళ్లేటప్పుడు పక్కల మూసి ఉండే కళ్ళజోడు, రాత్రి ఫ్యాను గాలి ముఖానికి తగలకుండా మంచం తిప్పుకోవడం, పడుకునే ముందు చిక్కటి జెల్. ఇవన్నీ ఇప్పుడు నా రోజులో భాగం.

వాపు తగ్గిందని తేలాక డాక్టరమ్మ మళ్లీ ప్లగ్గు మాట ఎత్తింది. భయపడ్డాను. ఈసారి కరిగిపోయే కొల్లాజెన్ ప్లగ్గు ముందు పెట్టి చూసింది. కొద్ది రోజుల్లో దానంతటదే కరిగిపోతుంది, ఆ లోపు నీళ్లు పొర్లుతాయో లేదో తెలిసిపోతుంది. పొర్లలేదు. అప్పుడు కుడి కన్ను పై రెప్పకి, రంధ్రం కొలత తీసుకుని, పైకి కనపడే సిలికాన్ రకమే పెట్టింది. ఎడమ కంటికి అక్కర్లేదంది. చెకప్‌కి వెళ్లిన ప్రతిసారీ అది ఉన్న చోటే ఉందా, చుట్టూ కండ పెరుగుతోందా చూస్తుంది. కొందరికి అలా గ్రాన్యులోమా వస్తుందట.

నన్నడిగిన అమ్మాయికి ఇదంతా చెప్పాను. వాపు ఉందో లేదో చూశారా, రెప్పల గ్రంథులు నొక్కి చూశారా, పెట్టబోయేది పైన ఉండే రకమా లోపలికి దించే రకమా, తీయాల్సి వస్తే ఎలా తీస్తారు అని అడగమన్నాను. పెట్టాక ఏ కన్ను, ఏ రెప్ప, ఏ రకం, ఏ తేదీ అని కాగితం మీద రాయించుకోమన్నాను. లోపలికి దించిన ప్లగ్గు ఉన్నవాళ్లకి ఈ కాగితం మరీ అవసరం. ఏళ్ల తర్వాత ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్తే, లోపల ప్లగ్గు ఉందన్న సంగతి బయటికి కనపడదు, మనం చెప్తేనే తెలుస్తుంది. ఒక్క కన్నే మాటిమాటికీ ఎర్రబడి ఊసి కడుతుంటే మద్రాస్ ఐ అని ఊరుకోవద్దు. కంటి మూల కింద వాచి, ఎర్రగా కంది, జ్వరం వస్తే ఆ రోజే వెళ్లాలి, కన్నీటి సంచికి ఇన్ఫెక్షన్ పాకి ఉండొచ్చు. ప్రైవేటు ఖర్చు భరించలేనివాళ్లకి ఎగ్మోర్‌లో ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది, 1819 నుంచీ ఉంది. మా పిన్ని శుక్లాల ఆపరేషన్ అక్కడే చేయించుకుంది, ఇప్పుడు సూదిలో దారం తనే ఎక్కించుకుంటోంది.

ఆ అమ్మాయి వచ్చే సోమవారం డాక్టర్ దగ్గరికి వెళ్తోంది. ప్రశ్నలన్నీ ఫోన్లో రాసుకుంది. నన్ను కూడా తోడు రమ్మంది, వెళ్తున్నాను.